ఎడమ చక్రం అడ్డుముక్క

11, మంగళవారం

తప్పు చేసింది బావ. చెప్పింది నా పేరు.

షెడ్డు ముందు, పెద్దాయన ఎదురుగా, పక్క షెడ్డులోని టర్నర్ మావయ్య వింటుండగా అన్నాడు: "ఎడమ చక్రం బిగించింది మావాడేనండీ. కుర్రతనం, చూసుకోలేదు." అంటూ నా భుజం మీద చెయ్యి వేశాడు, నన్నేదో కాపాడుతున్నట్టు. నేను ఆ చెయ్యి తోసెయ్యలేదు. ఎందుకు తొయ్యలేదో నాకే తెలియదు.

ఎడమ చక్రం నేను బిగించలేదు. పానాలు అందించాను. అంతే.

పెద్దాయన నన్నొక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. "మూడు వేళ్ళు బాబూ," అన్నాడు. "రెండు తీసేశారు. మూడోది ఉంటుందో లేదో చూడాలట." సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

అన్నీ వరసగా రాసి పెట్టుకుంటాను. రేపు ఎవరైనా నిలదీస్తే తడబడకూడదు.

ఆ ట్రాక్టరు నాకంటే ముప్ఫై ఏళ్ళు పెద్దది. పెద్దాయనది. నడిపేది ఆయన కూతురు. అందరూ డ్రైవరమ్మ అంటారు. వాళ్ళ పొలమే కాకుండా చుట్టుపక్కల వాళ్ళ పొలాలన్నీ దున్నేది ఆవిడే. దాని వెనక చక్రాలు దగ్గరికీ దూరానికీ జరిగే రకం. పైరు వరసల మధ్య ఎంత ఎడం ఉంటే అంతకి పెట్టుకోవచ్చు. రిమ్ము లోపల నాలుగు ఏటవాలు పట్టాలుంటాయి. మధ్యనున్న డిస్కు వాటిని క్లాంపులతో పట్టుకుంటుంది. క్లాంపులు వదులు చేసి బండిని మెల్లగా కదిపితే డిస్కు పట్టాల వెంట మరమేకులా తిరుగుతూ జరుగుతుంది, చక్రం బయటికో లోపలికో పోతుంది. కావలసిన చోటికి వచ్చాక ఇక జారకుండా పట్టా మీద ఒక అడ్డుముక్క బోల్టు వేసి బిగించాలి. బండి ముందుకు లాగేటప్పుడు డిస్కు ఎటు జారాలని చూస్తుందో అటు వైపు బిగించాలి. రెండో వైపు బిగిస్తే అది ఉన్నా ఒకటే, ఊడినా ఒకటే.

కుడి చక్రానికి ఒక వైపైతే ఎడమదానికి రెండో వైపు. అద్దంలో బొమ్మ లెక్క. బావ కుడిది సరిగ్గానే పెట్టాడు. లేచి, ఒళ్ళు విరుచుకుని, అటు వెళ్ళి కూర్చుని, ఎడమదానికీ అచ్చం అలాగే పెట్టాడు. ఇరవై ఏళ్ళ అనుభవం!

నాలుగు రోజులు చదును నేలలో నడిచింది. నిన్న మెరక పొలంలో, నాగళ్ళు లోతుగా దిగి ఉండగా, క్లాంపులు పట్టు వదిలాయి. డిస్కుని ఆపడానికి అటు వైపు ఏమీ లేదు. చక్రం లోపలికి జారి, టైరు మడ్‌గార్డుని నమిలేసింది. ఆవిడ ఎడం చెయ్యి మడ్‌గార్డు అంచు మీద ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

12, బుధవారం

"నోరు మూసుకుని పానా అందించు," అన్నాడు బావ, బిగించే రోజు. మూసుకున్నాను. అందించాను. ఇందులో నా తప్పేమిటో ఎవరైనా చెప్పండి.

13, గురువారం

అక్కకి చెప్పాను. బావ ఇంట్లో లేని సమయం చూసి, మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు. బట్టలు మడత పెడుతోంది. మడత ఆపలేదు.

"నాకు తెలుసురా," అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు అంత పొరపాటు చేసేవాడివి కాదని."

"మరి బావతో అను ఆ మాట."

బావ చొక్కా కాలరు రెండుసార్లు సవరించింది. "నువ్వు చిన్నవాడివి. నీ మీద పడ్డ మాట రెండు నెలల్లో జనం మర్చిపోతారు. ఆయన మీద పడితే షెడ్డుకి తాళం. అప్పుడు ఆయనా, నేనూ, పిల్లా, నువ్వూ అందరం కలిసి ఎక్కడికి పోదాం?"

"నా పేరు పోతే ఫరవాలేదా?"

"నీకింకా పేరెక్కడొచ్చిందిరా పోవడానికి!" అని నవ్వేసింది. నవ్వాక నా మొహం చూసింది. "ఊరికే అన్నానురా," అంది.

ఊరికే ఎవరూ అనరు. పదహారేళ్ళప్పుడు ఈ ఇంటికి వచ్చాను. ఆరేళ్ళయింది. బడి మధ్యలో మానేసినా, షెడ్డు అటక మీద దొరికిన అట్టలేని పాత ట్రాక్టరు పుస్తకంలో బొమ్మలు చూసి చూసి, మాటలు కూడబలుక్కుని, ఒక్కొక్క పేజీ నేనే నేర్చుకున్నాను. బావ నేర్పింది ఏమైనా ఉందంటే టీ ఎంత వేడిగా తేవాలో. నన్ను 'పుస్తకం' అని పిలుస్తాడు. "ఒరే పుస్తకం, ఇటు రా." వచ్చిపోయేవాళ్ళంతా అదే పేరనుకుంటారు.

ఆ చక్రాలు కదిలించింది ఎవరు? ముప్ఫై ఏళ్ళుగా జరపనివి. తుప్పుకి డిస్కూ పట్టా ఒకే ఇనుమైపోయాయి. మూడు వారాలు. డీజిలు పోసి నానబెట్టాను. వైరు బ్రష్షుతో గీకాను. మంట పెట్టి, సుత్తితో కొట్టి, మళ్ళీ నానబెట్టాను. వంగిన పట్టాలు రెండు వేడిచేసి తిన్నగా తీశాను, పురికొస కట్టి చూసుకుంటూ. ఒకదాని మొదట్లో వెంట్రుకంత పగులు. అది బావకి కనపడలేదు, నాకు కనపడింది. వెల్డింగు చేశాను. మొదటిసారి డిస్కు కిర్రుమని వేలెడంత జరిగినప్పుడు షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నాను. గట్టిగా అరిచాను.

బిగించే రోజు మాత్రం బావ వచ్చి కూర్చున్నాడు, డ్రైవరమ్మ చూస్తుందిగా!

14, శుక్రవారం

నిన్న సాయంత్రం ట్రాక్టరుని ఇంకో బండికి కట్టి లాక్కొచ్చి షెడ్డులో పెట్టారు. ఈ పొద్దున నేను వెళ్ళేసరికి అడ్డుముక్క సరైన వైపు ఉంది.

పాత రంధ్రం చుట్టూ మెరుస్తూ గుండ్రటి మచ్చ. కొత్త బోల్టు తల మీద పానా గీతలు పచ్చిగా ఉన్నాయి.

"బావా, ఇది నిన్న ఇటు లేదు."

"ఏది?"

"అడ్డుముక్క."

"నువ్వు తప్పు పెట్టావుగా, సరిచేశాను." చేతులు గుడ్డతో తుడుచుకుంటున్నాడు, ఒక్కో వేలూ విడివిడిగా.

"నేను పెట్టానా?"

"ఒరేయ్ పుస్తకం, అయిపోయిందేదో అయిపోయింది. వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి సరిపోయింది. ఇంకోళ్ళయితే నీ కాళ్ళు విరగ్గొట్టేవాళ్ళు. ఇకనుంచి చక్రాల పని నీకొద్దు. ఆ డబ్బాలో నట్లున్నాయి, కడుగు."

అబద్ధం ఆడేవాడు కళ్ళలోకి చూడలేడంటారు. బావ చూశాడు. నేనే చూపు తిప్పుకున్నాను.

నట్లు కడిగాను. నూట నలభై రెండు.

15, శనివారం

నా పని వరకు నేను సరిగ్గా చేశాను. పట్టాలు, వెల్డింగు, క్లాంపులు. నా పని వరకు.

16, ఆదివారం

షెడ్డుకి సెలవు. టర్నర్ మావయ్యకి మాత్రం సెలవుండదు, ఇంట్లో ఉంటే అత్త పని చెబుతుందని లేతు దగ్గరే కూర్చుంటాడు. నన్ను పిలిచాడు.

"ఏం అల్లుడూ, మొహం అలా నానబెట్టిన బేరింగులా పెట్టుకుని తిరుగుతున్నావు?"

మొత్తం చెప్పాను. ఎడమ చక్రం, అడ్డుముక్క, అద్దంలో బొమ్మ, భుజం మీద చెయ్యి. కసిగా చెప్పాను. ఆయన చేతిలో ఇనుప చువ్వని తిప్పుతూ విన్నాడు.

"మీ బావ అబద్ధం ఆడాడు, ఒప్పుకుంటాను," అన్నాడు. "వాడికి వాడి పేరు మీదున్నంత ప్రేమ పెళ్ళాం మీద కూడా లేదు. సరే గానీ, ఒక్క సంగతి. ఆ రోజు బండి బయటికి తీసేముందు వాడు నిన్ను అడిగాడు."

"ఏమని?"

"'అన్నీ చూశావా?' అని. నువ్వు 'ఆఁ' అన్నావు."

"నేనేమీ అనలేదు."

"అన్నావురా."

"లేతు మోతలో మీకేం వినపడింది మావయ్యా?"

"లేతు ఆపి టీ తాగుతున్నాను. టీ మోత పెట్టదు."

లేచి వచ్చేశాను. వెనక నుంచి ఏదో అన్నాడు, వినలేదు.

17, సోమవారం

టర్నర్ మావయ్యకి అరవై దాటాయి. ఏ రోజు మాట ఏ రోజుదో గుర్తుండదు. మొన్న నన్ను "నువ్వు మీ అన్నయ్యవా?" అని అడిగాడు. నాకు అన్నయ్యే లేడు.

సోమవారమే, రాత్రి.

అడగలేదు. బావ నన్నేమీ అడగలేదు.

18, మంగళవారం

డ్రైవరమ్మ ఇంటికి వెళ్ళాను. ఇంట్లో చెప్పలేదు. నా నోటితో నేను చెప్పి నా పేరు కడుక్కుని వద్దామని వెళ్ళాను.

ముందు గదిలో ఇనుప మంచం. కిటికీ అరుగు మీద మందుల సీసాలు ఎత్తుల వారీగా పేర్చి ఉన్నాయి. ఆవిడ కుర్చీలో కూర్చుని కుడిచేత్తో చెప్పు బకిలు పెట్టుకోవడానికి ప్రయత్నిస్తోంది. నేను వంగబోయాను. "ఆగు, వస్తుంది," అంది. నాలుగోసారికి వచ్చింది. ఎడం చెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. కట్టు చివర సగం దాకా మాత్రమే నిండుగా ఉంది. అటు చూడకూడదనుకున్నాను. అటే చూశాను.

"ఎడమది బిగించింది నువ్వేనటగా, పుస్తకం అబ్బాయ్?" అంది. కోపం లేదు. అడ్రసు అడిగినట్టు అడిగింది.

"కాదండీ. ఎడమది బావే బిగించాడు. నేను పానాలు అందించాను."

"మరి ఆయన నీ పేరెందుకు చెప్పారు?"

"నా పేరు చౌక కాబట్టి."

పెద్దగా నవ్వింది. నవ్వితే చెయ్యి నొప్పెట్టింది కాబోలు, ఆపేసి కళ్ళు మూసుకుంది. "రెండూ చెప్పారులే మీ బావ. మొదట నీ పేరు చెప్పారు. మొన్న నాన్న దగ్గరికి వచ్చి, ఈ రకం పట్టాలు అరిగిపోయాయి, ఎవరు బిగించినా జారతాయి, నా మాట విని పాత ఇనుముకి తోలెయ్యండి అన్నారు. నాన్న భయపడిపోయాడు. ఇరవై రెండో తారీకు, శనివారం మధ్యాహ్నం, లారీ వస్తుంది."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. బండి ముక్కలైపోతే ఇంకో మెకానిక్ ఎవరూ ఆ మెరిసే మచ్చ చూడరు.

"పట్టాలు అరగలేదండీ. ఇంకో నలభై ఏళ్ళు ఆగుతాయి. నేను ఒక్కొక్కటీ..."

"నేనూ అదే అన్నాను నాన్నతో. వినడు." చెప్పు మీద దుమ్ము రెండో చెప్పుతో రాసింది. "చేతికి అలవాటు పడతాను. గేరు కుడిచేతిదేగా. స్టీరింగుకి బొటనవేలూ చూపుడువేలూ చాలు. కొత్త బండి కొనే స్తోమతు మాకు లేదు. అది పోతే నేను ఎవరి బండి తుడుచుకుంటూ బతకాలి?"

వెళ్ళడానికి గుమ్మం వైపు తిరిగాను.

"ఒకటడుగుతాను. మూడు వారాలు నువ్వు ఆ చక్రాల పక్కనే పడుకున్నంత పని చేశావు. నేను వచ్చినప్పుడల్లా చూశాను. నేను బండి ఎక్కేటప్పుడు నువ్వు ఎడమ చక్రం దగ్గరే నిలబడ్డావు. ఒక్కసారైనా అటు చూళ్ళేదా?"

"చూళ్ళేదు," అన్నాను.

19, బుధవారం

చూశాను.

6వ తారీకు, గురువారం, పదకొండు గంటలప్పుడు. రాయడానికి పదమూడు రోజులు పట్టింది. ఇప్పుడు కూడా కలం ఆగుతోంది.

బావ నోరు మూసుకోమన్నది అడ్డుముక్క గురించి కాదు. అంతకు గంట ముందు, కుడి చక్రం దగ్గర. పట్టాలకి గ్రీజు పుయ్యకూడదు, క్లాంపు పట్టు దొరకదు అన్నాను. అది నిజమే, పుస్తకంలో ఉంది. డ్రైవరమ్మ ముందు అన్నాను. అప్పుడు అన్నాడు, "మావాడు పుస్తకం చదివి మెకానిక్ అయ్యాడండీ, ఈత కూడా పుస్తకంలోనే నేర్చుకున్నాడు. ఒరేయ్, నోరు మూసుకుని పానా అందించు." ఆవిడ నవ్వింది. అందరూ నవ్వారు. గ్రీజు మాత్రం మెల్లగా తుడిచేశాడు, ఎవరూ చూడకుండా.

తర్వాత ఎడమ చక్రం. అప్పుడు ఆవిడ అక్కడ లేదు, డీజిలు తేవడానికి వెళ్ళింది. పెట్టాడు, బిగించాడు, లేచాడు. కుళాయి దగ్గరికి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. నేను కింద పడ్డ పానాలు ఏరుతూ తలెత్తాను. అడ్డుముక్క తప్పు వైపు ఉంది. ఆలోచించే పని కూడా లేదు. ఎదుటివాడి చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా ఉంటే ఎలా తెలుస్తుందో అలా తెలిసిపోయింది.

కుళాయి దగ్గర నుంచి అడిగాడు, "అన్నీ చూశావా?"

ఎగతాళిగా అడగలేదు. అది నిజం. మామూలుగా అడిగాడు, ఒక పనివాడు ఇంకో పనివాణ్ణి అడిగినట్టు. ఆరేళ్ళలో నన్ను అలా అడిగిన రోజు అదొక్కటే.

"ఆఁ," అన్నాను.

నేనేమనుకున్నానంటే, గేటు దగ్గర ఎత్తు ఉందిగా, అక్కడ ఎక్కేటప్పుడే జారుతుంది. చక్రం మడ్‌గార్డుకి రాసుకుని కీచుమంటుంది. ఆవిడ దిగి వెనక్కి వస్తుంది. అందరి ముందూ బావ మొహం మాడిపోతుంది. అప్పుడు నేను వెళ్ళి, ఏమీ ఎరగనట్టు, "బావా, అడ్డుముక్క అటు వైపు ఉండాలి కదా?" అంటాను. ఆ మాట మనసులో మూడు రకాలుగా అనుకుని చూసుకున్నాను. ఏది బాగా తగులుతుందో అని.

గేటు దగ్గర జారలేదు. క్లాంపులు కొత్తగా బిగించినవి, నేను శుభ్రం చేసిన పట్టాలు, బాగా పట్టాయి. రోడ్డెక్కింది. మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. పరిగెడితే అందుకునేవాణ్ణి. ట్రాక్టరు ఎంత వేగం పోతుంది? పిలిచినా ఆగేది. పిలిస్తే, ఇప్పటిదాకా ఎందుకు చెప్పలేదని అడుగుతారు. అందుకని పిలవలేదు.

ఆ నాలుగు రోజులూ షెడ్డులో ఫోను మోగినప్పుడల్లా తలెత్తి చూశాను. సోమవారం మోగింది. బావ ఎత్తాడు. "చక్రమా? జారిందా?" అన్నాడు. చెయ్యి సంగతి ఇంకా తెలియదు. ఆ ఒక్క నిమిషం నాకు ఎంత సంతోషం వేసిందో. ఎవరికీ చెప్పుకోలేని సంతోషం. తర్వాత బావ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు, "ఎన్ని వేళ్ళు?" అన్నాడు.

బావ అబద్ధాలకోరు. తప్పు పెట్టింది బావే. నా పేరు వాడుకున్నాడు, సాక్ష్యం చెరిపేశాడు, ఇప్పుడు బండిని కోయించేస్తున్నాడు. ఇందులో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. కానీ బావ చూసుకోలేదు. నేను చూసి ఊరుకున్నాను.

20, గురువారం

అక్కకి చెప్పాను, మొత్తం, 'ఆఁ' కూడా. బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. కొడుతుందనుకున్నాను. "మీ ఇద్దరూ ఒకటే తయారయ్యారు," అంది. అంతే. లోపలికి వెళ్ళి మళ్ళీ వచ్చి, "ఆయనకి నేను చెప్పను. నువ్వే చెప్పుకో. మొహాన చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వు," అంది.

మొహాన చెబితే ఇద్దరం అరుచుకుంటాం, అసలు మాట ఎగిరిపోతుంది. అందుకే రాశాను. మధ్యాహ్నం ఇచ్చాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, చదవలేదు. నకలు ఇక్కడ రాసుకుంటున్నాను, తర్వాత నేనే మాట మార్చకుండా.

బావా,

ఎడమ చక్రం అడ్డుముక్క తప్పు వైపు బిగించింది నువ్వు. నేనని చెప్పావు. తర్వాత ఎవరూ చూడకుండా మార్చావు. ఇప్పుడు పట్టాలు అరిగాయని ఆ బండిని కోతకి పంపిస్తున్నావు. ఆ పట్టాలు నీకంటే నాకు తెలుసు. వాటికేమీ కాలేదు. పాత రంధ్రం చుట్టూ మచ్చ ఇంకా ఉంది. చెరపాలని చూడకు. టర్నర్ మావయ్యని పిలిచి చూపించాను.

బండి బయటికి వెళ్ళకముందే నేను చూశాను. నువ్వు అడిగావు, నేను ఆఁ అన్నాను. నీ పరువు పోవాలని అన్నాను. పోయింది నీ పరువు కాదు. ఈ మాట వాళ్ళకి చెబుతాను, నువ్వు వచ్చినా రాకపోయినా. తర్వాత వాళ్ళు నన్ను గుమ్మం ఎక్కనివ్వకపోతే అది నా ఖర్మ. నువ్వు నన్ను ఇంట్లోంచి వెళ్ళమంటే వెళతాను, అక్కని మధ్యలోకి లాగకు.

నాకు కావలసింది ఇది. నువ్వూ నేనూ కలిసి వాళ్ళింటికి వెళ్ళాలి. పెద్దాయన ముందూ ఆవిడ ముందూ నీ వంతు నువ్వు చెప్పాలి, నా వంతు నేను చెబుతాను. పట్టాలు మంచివని నీ నోటితో అనాలి. నేను చెబితే నమ్మరు, నా మాట నువ్వే చెడగొట్టావు. లారీని రావద్దనాలి. రెండు చక్రాలూ విప్పి, ఆవిడని ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, అడ్డుముక్క ఎటు ఉండాలో, ఎందుకుండాలో చూపించి మళ్ళీ బిగించాలి. ఆవిడ సరే అనేదాకా జాకీ దించకూడదు.

లారీ ఎల్లుండి వస్తుంది. రేపు శుక్రవారం సాయంత్రం ఐదు గంటల లోపు వస్తావో రావో చెప్పు.